ఇరవై ఎనిమిది చుక్కల సీనియారిటీ

మా ఆఫీసు వెనక నమూనా తోటలో వంగమొక్కలు పోవడం గురించి ఊళ్ళో తలా ఒకటి అంటున్నారు. మందు కొట్టలేదని కొందరు, నీళ్ళు పెట్టలేదని కొందరు. అవేవీ నిజం కాదు. ఆ తోటను మేం పట్టించుకున్నంతగా ఈ రాష్ట్రంలో ఏ తోటనూ ఎవరూ పట్టించుకుని ఉండరు. ఒక్కో ఆకుకీ మా దగ్గర కాగితం ఉంది. ఆ కాగితాలన్నీ రాసినవాణ్ణి నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పే బాధ్యత కూడా నా మీదే పడింది.

మాది జిల్లా పెరటితోటల ప్రోత్సాహక కార్యాలయం. గోదావరి గట్టుకి దగ్గర్లో ఉంటుంది. నేనక్కడ సీనియర్ అసిస్టెంటుని, పేరు కనకలింగం. ఇంట్లో నాలుగు కూరగాయలు పెంచుకోవాలనుకునేవాళ్ళు వచ్చి చూసి నేర్చుకోవడానికని ఆఫీసు వెనక అరెకరంలో నమూనా తోట వేశారు. పదకొండేళ్ళుగా దాన్ని చూసుకుంటున్నది గంగరత్నం. కాంట్రాక్టు తోటమాలి. యాభై దాటిన మనిషి. మాట కాస్త కరుకే గానీ, ఆవిడ చెయ్యి పడితే ఎండుపుల్ల కూడా చిగురేస్తుంది.

ఆ తోటలో ఓ మూల నాలుగు వరసల్లో నలభై ముళ్ళ వంగమొక్కలు ఆవిడవి. ఆ కాయ ముచ్చికకి ముళ్ళుంటాయి, కోసేవాళ్ళ వేళ్ళు గీరుకుపోతాయి, కూర మాత్రం వెన్నలా ఉంటుంది. ఆవిడ అత్తగారి కాలం నుంచీ లంకలో వేసుకుంటూ వచ్చిన విత్తనం అది. ఆ లంక పొలాన్ని గోదారి కోసుకుపోయింది. విత్తనం మాత్రం ఆవిడ కొంగున ముడేసుకుని గట్టెక్కింది. ఎవరో పాత ఆఫీసరు దయతలిచి ఆ మూల ఇచ్చారు. వంగ గింజ పాతబడితే మొలవదంటుంది గంగరత్నం. అంచేత ఏటేటా వెయ్యాలి. కాయని పండి పసుపు తిరిగేదాకా మొక్కనే ఉంచి, గింజ తీసి, బూడిద పట్టించి ఆరబెట్టాలి. ఈ గొడవ జరిగిన ఏడు తన దగ్గరున్న గింజంతా నారు పోసేసింది. ఆ నలభైలో ఒక్క మొక్కన్నా గింజ కట్టకపోతే ముళ్ళ వంకాయ అనేది ఇక ఉండదు.

సరిగ్గా ఆ ఏడే మాకు డిప్యూటీ డైరెక్టరుగా శ్రీ దంటు సాంబమూర్తిగారు వచ్చారు. ఆయన ముప్పై ఏళ్ళూ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లలోనే గడిపారు. సీనియారిటీ, ప్రమోషను, మెమో, సంజాయిషీ ఆయనకి కంఠతా వచ్చు. మొక్కల్లో తులసినీ అరటినీ గుర్తుపడతారు.

ఆయన వచ్చిన వారానికే హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. "రసాయనిక మందుల వాడకమును తక్షణమే నిలుపుదల చేసి, చీడపీడలను ప్రకృతి సహజమైన పద్ధతుల ద్వారా మాత్రమే అదుపు చేయవలెను. ఇందు నిమిత్తము నమూనా తోటలయందు మిత్ర పురుగుల సేవలను పూర్తిగా వినియోగించుకొనవలెను." మంచి మాటే. గంగరత్నం పదకొండేళ్ళుగా చేస్తున్నదీ అదే. కాకపోతే సర్క్యులర్ లేకుండా చేసింది.

సాంబమూర్తిగారు ఆ కాగితం పట్టుకుని తోటలోకి వచ్చారు. వెనక నేను. గంగరత్నం చిక్కుడు పందిరి కింద ఓ తీగ వంచి చూపించింది. లేత కొసల నిండా నల్లగా పేనుబంక. దాని మీద శనగబద్దంత ఎర్రటి పురుగు ఒకటి తిరుగుతోంది.

"ఇదిగోండి, ఇది మనదండి. ఈపు మీద ఆరు సుక్కలు సూడండి. రోజుకి యాభై పేలు తినేత్తాదండి. ఇదుంటే నేను సబ్బునీళ్ళు కూడా కొట్టనండి."

"శభాష్," అన్నారు సాంబమూర్తిగారు పురుగుతో.

వంగ వరసల దగ్గరకి వచ్చేసరికి ఆయన కళ్ళు మెరిశాయి. అక్కడొక పురుగు ఆకు మీద స్థిరంగా కూర్చుని ఉంది. ఇటుకరంగు వీపు, దాని నిండా చుక్కలే.

"మరి వీరెవరు?"

"అది మనది కాదండి. ఆకు తినేదండి. మనదాని ఈపు అద్దంలా మెరుత్తాదండి, దీనిది మెరవదు. ఒంటి నిండా నూగుంటాది." అంటూనే గంగరత్నం మొక్క కింద సబ్బునీళ్ళ గిన్నె పెట్టి కొమ్మని రెండుసార్లు దులిపింది. నాలుగు పురుగులు గిన్నెలో పడ్డాయి. "రోజూ పొద్దున్నే ఇలా దులిపేత్తే సాలండి. ఎక్కువైతే ఏపగింజల కషాయం కొడతానండి."

సాంబమూర్తిగారు ఆ మాటలు వినలేదు. మునిగిపోతున్న పురుగు చుక్కలు లెక్కపెడుతున్నారు. "ఇరవై ఎనిమిది," అన్నారు నెమ్మదిగా.

మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచారు. "కనకలింగంగారూ, ప్రభుత్వ తోటలో ప్రభుత్వ పని చేసేవారెవరైనా సిబ్బందే. అవునా? సిబ్బంది అన్నాక సీనియారిటీ లిస్టు ఉండాలి. లేకపోతే ఎవరు ఎవరి కింద పనిచేస్తున్నట్టు? వీళ్ళకి పుట్టిన తేదీ లేదు, నియామక పత్రం లేదు. ఏం చేద్దాం?"

"చుక్కలున్నాయి కద సార్," అన్నాను.

ఆ మాట నోరు జారి అన్నానో, మెప్పు కోసం అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మెప్పు కోసమే అయ్యుంటుంది. సాంబమూర్తిగారు కుర్చీలోంచి లేచి నాకు షేక్‌హాండిచ్చారు. నా సర్వీసులో అధికారి లేచి చెయ్యివ్వడం అదే మొదలు.

మూడు రోజుల్లో లిస్టు తయారైంది. చుక్క ఒక్కింటికి ఒక సంవత్సరం సర్వీసు. ఆరు చుక్కలవారు కిందిస్థాయి సిబ్బంది. ఇరవై ఎనిమిది చుక్కలవారు పర్యవేక్షణాధికారులు. లిస్టును పందిరి గుంజకి అంటించి, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా పురుగులను కోరాం. ఒక్క అభ్యంతరమూ రాలేదు. లిస్టు ఖాయమైపోయింది.

అభ్యంతరం గంగరత్నానికుంది. నేరుగా సాంబమూర్తిగారి గదిలోకే వచ్చేసింది.

"అయ్యగారండీ, ఆ నూగు పురుగు మొక్కని తినేత్తందండి. నన్ను దులపొద్దన్నారంట."

"చూడమ్మా, పేనుబంకను తినడం కిందిస్థాయి సిబ్బంది విధి. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసున్న అధికారి స్వయంగా పేనుబంక తింటే ఆ పదవికే చిన్నతనం. వారు పర్యవేక్షిస్తారు."

"మరి ఆకు తింటన్నాయేంటండీ?"

"అధికారి క్యాంపుకి వచ్చినప్పుడు భోజనం ఏర్పాటు చెయ్యొద్దా?"

గంగరత్నం నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను. ఆవిడ వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున యథాప్రకారం గిన్నె పట్టుకుని పదకొండింటిని దులిపేసింది.

దాంతో మెమో ఇవ్వక తప్పలేదు. "విధి నిర్వహణలో ఉన్న పదకొండుమంది పర్యవేక్షణాధికారులను సబ్బునీళ్ళలో ముంచినందులకు మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను." గంగరత్నం చదువుకోలేదు. నాచేతే సంజాయిషీ రాయించుకుంది. "అయి మొక్కల్ని తింటన్నాయి, నేను దులిపాను" అని చెప్పింది. నేను అలాగే రాశాను. నేరం ఒప్పుకున్నట్టుగా నమోదు చేసుకుని, గిన్నెను స్వాధీనం చేసుకున్నాం. వేపకషాయం వాసన అధికారులకు అసౌకర్యంగా ఉందని అది కూడా నిషేధించాం.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ విధి నిర్వహణలో ఉండగా మరణించిన సిబ్బంది కుటుంబాల సంగతి చూడాలిగా. సాంబమూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనది మెత్తటి మనసు.

"పదకొండు కుటుంబాలు, కనకలింగంగారూ. వారి పిల్లలెక్కడున్నారో విచారించారా?"

విచారించాను. వంగాకు తిప్పి చూస్తే అడుగున పసుపుపచ్చగా, ఒళ్ళంతా ముళ్ళతో పిల్ల పురుగులు బారులు తీరి ఉన్నాయి. అవేమిటని గంగరత్నాన్ని అడిగాను.

"దాని పిల్లలేనండి. తల్లికన్నా ఇయ్యే ఎక్కువ తింటాయండి. పచ్చదనం గీకేసి ఆకుని జల్లెడ సేసేత్తాయండి."

ఆ మాటలో మొదటి ముక్కని కుటుంబ సభ్యుల ధ్రువీకరణగా స్వీకరించాం. రెండో ముక్కని ఫైలులో చేర్చవలసిన అవసరం కనపడలేదు. కుటుంబానికి ఒకరు చొప్పున పదకొండుమందికి కారుణ్య నియామకాలిచ్చాం. వీపు మీద చుక్కలింకా పడలేదు కాబట్టి ప్రొబేషనర్లుగా తీసుకున్నాం. యువరక్తం రావడంతో పని జోరందుకుంది. వారం తిరిగేసరికి నలభై మొక్కల్లో ఇరవై రెండింటికి ఈనెలు తేలి, అవి ఎండి, ఒరిగిపోయాయి. నెలవారీ నివేదికలో దాన్ని "ఆకులలో గాలి వెలుతురు గణనీయముగా మెరుగుపడినది" అని రాశాను.

ఈలోగా ఆరు చుక్కలవాళ్ళు చిక్కుడు పందిరి మీద పేనుబంకనంతా శుభ్రంగా తినేసి, ఇక పనిలేక ఎటో ఎగిరిపోయారు. వాళ్ళని ఒక్కరోజన్నా ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. అనుమతి లేని గైర్హాజరీ కింద రాసుకున్నాను.

మా నివేదిక చూసి ముచ్చటపడి హెడ్డాఫీసువాళ్ళు ఒక కీటక శాస్త్రవేత్తను పంపించారు. డాక్టర్ హైమవతి. ఆవిడ వంగ వరస దగ్గర వంగి, ఒక పురుగుని వేలి మీదికి తీసుకుని, ఒక్క క్షణం చూసి, "ఇది చీడ పురుగండీ," అన్నారు. "ఇలా వదిలేశారేమిటి? చేత్తో ఏరేసినా పోతుంది కదా!"

గంగరత్నం మొహం వెలిగింది. నేను చేతిలో ఉన్న ఫైలు వీపు వెనక్కి పెట్టుకున్నాను.

సాంబమూర్తిగారు మాత్రం చెక్కుచెదరలేదు. "మేడం, మీరు చెప్పింది శాస్త్రం. కాదనను. కానీ ఇది సర్వీసు. ఒక సీనియర్ అధికారి మీద ఆరోపణ వచ్చినంత మాత్రాన ఏరేస్తామా? విచారణ జరగాలి. విచారణ పూర్తయ్యేదాకా సస్పెండు చేద్దాం. నేను ఎవరినీ వెనకేసుకురాను."

"సస్పెండు చేస్తే అవి ఎక్కడికి పోతాయి?" అన్నారావిడ.

"ఎక్కడికీ పోకూడదు. సస్పెన్షన్ కాలంలో హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళరాదు. ఈ మొక్కల మీదే ఉండాలి."

"తింటాయి కదండీ!"

"పూర్తిగా ఎలా తింటారు? సస్పెన్షన్‌లో ఉన్నవారికి సగమే జీవనభృతి."

డాక్టర్ హైమవతి ఆ మధ్యాహ్నం బండికే తిరుగు ప్రయాణం కట్టారు. వెళ్తూ గంగరత్నం చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలారు.

మర్నాటి నుంచి నా ఉద్యోగం తోటలోనే. ప్రతి ఆకుకీ నడి ఈనె వెంబడి సున్నంతో గీత గియ్యాలి. ఎడమ సగం పురుగులది, కుడి సగం ప్రభుత్వానిది. సాయంత్రం స్కేలు పెట్టి కొలవాలి. గీత దాటి తిన్నవారికి హెచ్చరిక రాయాలి. మూడు రోజుల్లో నూట నలభై హెచ్చరికలు రాశాను. నాలుగో రోజు నుంచి రాయడానికి ఆకులే తగ్గిపోయాయి.

ఆ రోజే గంగరత్నం వచ్చి నా బల్ల పక్కన నేల మీద కూలబడింది. పదకొండేళ్ళలో ఆవిడ కూర్చోగా నేను చూడలేదు.

"గుమాస్తాగారండీ, ఒక్క మొక్క మిగిలిందండి. దానికి ఒక్క కాయ. ఇప్పుడిప్పుడే పసుపు తిరగతందండి. ఇంకో పది రోజులు ఆకుండాలండి, లేకపోతే గింజ తాలుబోద్ది. మా అత్త సచ్చిపోతా సెప్పిందండి, పొలం పోయినా ఇత్తనం పోనియ్యొద్దే అని. గోదారి నుంచి దాచుకున్నాను గానండి, ఈ ఆఫీసు నుంచి దాచుకోలేకపోతన్నాను." కొంగుతో కళ్ళు ఒత్తుకుని కోపంగా అంది. "ఈ సుక్కల లెక్క ఎవడు కనిపెట్టాడో గానండి, ఆడి సెయ్యి ఇరగ."

బల్ల మీదున్న నా కుడిచెయ్యి మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాను. సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆవిడకి నిజం చెప్పే ధైర్యం కూడా లేకపోయింది.

ఆ సాయంత్రం రూల్సు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. చంపితే కారుణ్య నియామకాలొస్తాయి. సస్పెండు చేస్తే ఇక్కడే తింటాయి. బదిలీ చేద్దామంటే విచారణ పెండింగులో ఉంది. చివరికి ఒక పేజీ దగ్గర నా కళ్ళు ఆగాయి. ఇరవై ఏళ్ళ సర్వీసు నిండినవారెవరైనా స్వచ్ఛంద పదవీ విరమణకు అర్హులు. పదవీ విరమణ చేసినవాడు పోతే పిల్లలకి ఉద్యోగం ఇవ్వక్కర్లేదు. ఇక ప్రొబేషనర్ల సంగతంటారా, వాళ్ళని కారణం చూపకుండానే తొలగించవచ్చు.

దరఖాస్తులు నేనే రాశాను. సంతకం బదులు వేలిముద్ర చాలంటుంది రూలు. ఒక్కొక్కరినీ స్టాంపు ప్యాడు మీద నడిపించి కాగితం మీదికి వదిలాను. ఆరేసి కాలిముద్రలు పడ్డాయి. పంతొమ్మిది దరఖాస్తులు చూసి సాంబమూర్తిగారు చలించిపోయారు.

"విచారణ అవమానం భరించలేకే వెళ్ళిపోతున్నారు, కనకలింగంగారూ. పరువుగల మనుషులు."

"విచారణ పెండింగులో ఉండగా విరమణ కుదరదు సార్."

"ఎత్తేయండి. ఆరోపణ రుజువు కాలేదని రాయండి. నోటీసు గడువు నేను మినహాయిస్తాను. ప్రొబేషనర్లనీ అదే రోజు పంపించేయండి. పెద్దదిక్కు లేకుండా పాపం వాళ్ళు మాత్రం ఏం పనిచేస్తారు?"

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకి ఆ ఒక్క వంగమొక్క ముందు షామియానా వేసి వీడ్కోలు సభ జరిపాం. కప్పిన శాలువా ముళ్ళకి చిక్కుకుని చిరిగింది. కొమ్మకో కనకాంబరం గుచ్చాం. సాంబమూర్తిగారు గొంతు సవరించుకున్నారు.

"వీరు ఏనాడూ పని పెండింగు పెట్టలేదు. ముందున్నదాన్నల్లా పూర్తిచేసేదాకా వదలలేదు. వీరి సేవలు ఈ తోటలో ఎటు చూసినా కనిపిస్తూనే ఉంటాయి."

అందులో అతిశయోక్తి ఒక్కటీ లేదు. అందరం చప్పట్లు కొట్టాం. గంగరత్నం మాత్రం షామియానా గుంజ పక్కన నిలబడి ఆఫీసు వరండాలోని గోడగడియారం వైపే చూస్తోంది. గిన్నె ఆవిడకి అప్పటికే తిరిగి ఇచ్చేశాను. ఐదైంది. నేను రిలీవింగ్ ఆర్డరు చదివాను. ఆఖరి మాట నా నోట్లో ఉండగానే ఆవిడ గిన్నె మొక్క కింద పెట్టి కొమ్మ దులిపింది. పంతొమ్మిదీ పడ్డాయి. తర్వాత ఆకులు ఒక్కొక్కటే తిప్పి, అడుగునున్న ప్రొబేషనర్లనీ పసుపు గుడ్లనీ బొటనవేలితో నలిపి తుడిచేసింది.

సాంబమూర్తిగారు గిన్నెలోకి తొంగిచూసి, "మాజీ ఉద్యోగుల వ్యవహారాలు మన పరిధిలోకి రావు," అన్నారు.

గంగరత్నం గిన్నెతో లేచి ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయ్యగారండీ, తమరి రిటైర్మెంటెప్పుడండీ?"

"ఇంకా పద్నాలుగు నెలలుందమ్మా," అన్నారాయన, ఆ పరామర్శకి సంతోషించి.

ఆ సభ అయిన పన్నెండో రోజున కాయ పండింది. ఆవిడ దాన్ని పొద్దున్నే కోసుకుని, తోట మూల కూర్చుని, పిసికి, కడిగి, గింజ తీసి బూడిదలో కలుపుతుండగా నేను చూశాను. మొత్తం కలిపి గుప్పెడు గింజలు. ఆవిడ మొహం చూస్తే నాకు చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

ఆ మధ్యాహ్నమే హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా జిల్లా ప్రయోగం ఆదర్శప్రాయంగా ఉందట. సీనియారిటీ లిస్టు పద్ధతిని అన్ని జిల్లాల్లోనూ ప్రవేశపెడతారట. కొత్త చోట్ల పర్యవేక్షణాధికారులకు భోజనానికి ఏ మొక్క అనుకూలమో తేలింది కాబట్టి, ఆ ముళ్ళ వంగ విత్తనమంతా వెంటనే సేకరించి పంపాలట. సాంబమూర్తిగారు పొంగిపోయి, నన్ను వెంటబెట్టుకుని తోటలోకి వచ్చారు.

"గంగరత్నం, నీ విత్తనం రాష్ట్రమంతా వెళ్తోంది. ఏదీ, తీసుకురా."

గంగరత్నం ముందు ఆయన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆవిడ వేళ్ళకి బూడిద ఇంకా ఉంది. కొంగు చివర ముడి బొడ్లో దోపుకుని ఉంది.

"లేదండి. ఒక్కటే కాయండి. నిన్న కూరొండేసుకున్నానండి."

సాంబమూర్తిగారు నా వైపు తిరిగారు. "కనకలింగంగారూ, మీరు రోజూ ఇక్కడే ఉన్నారు. నిజమేనా?"

"నిజమే సార్. నాక్కూడా కొంచెం పెట్టింది," అన్నాను.

ఆయన నిట్టూర్చి లోపలికి వెళ్ళిపోయారు. నేను సీటుకి వచ్చి ఫైలులో "విత్తనము లభ్యము కాలేదు" అని రాసి సంతకం చేశాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను రాసిన అబద్ధం అదొక్కటే. అంతకుముందు రాసినవన్నీ రూల్సు ప్రకారం సరైనవే. ముప్పై తొమ్మిది మొక్కలు పోయింది వాటివల్లే.